ఎఱుకలవారి చరిత్రలో దండనము, దయ

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే యైనను, మూడువైపుల ఆంధ్రదేశమే దానిని చుట్టియున్నది. ఇచ్చట కన్నడము రాజభాష. తెలుగు పెక్కిండ్లలోని మాట. కన్నడిగులు కొరమ, కొరచ యని వ్యవహరించువారే తెలుగువారి నోట ఎఱుకలవారు. తప్పుచేసినవానియెడలను, పరాయివానియెడలను సంఘ మెట్లు వర్తింపవలెనను ప్రశ్నకు వీరి చరిత్రలో గొప్ప పాఠము కలదు.

పూర్వ మెఱుకలవారు ఎద్దులమీదను గాడిదలమీదను ఉప్పును, ధాన్యమును వేసికొని తీరమునుండి లోపలి సీమలకు చేర్చుచుండిరి. తట్టలు, చాపలు అల్లుటయు, సోది చెప్పుటయు వారి యితర వృత్తులు. ఆంగ్లేయుల ఉప్పు విధానమును, రైలుమార్గములును ఆ వర్తకమును చెఱచినవి. బ్రతుకుతెరువు పోయినవారిలో కొందఱు దొంగతనములకు దిగిరి. ప్రభుత్వము ఆ కొందఱితో నాగక, జాతిపైననే నేరముద్ర వేసినది. 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపించెను. వ్రేలిముద్రలు, అధికారులయెదుట హాజరు, ఊరు విడుచుటకు అనుమతిచీటి వారి నిత్యకృత్యములైనవి. 1913లో బాపట్లయొద్ద స్టువర్టుపురము వెలసెను. సాల్వేషన్ ఆర్మీవారు దాని నిర్వాహకులు. అచ్చట సంస్కరణమును, కావలియు నొకేచోట నుండెను.

ఆ చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952 ఆగష్టు 31వ తేదీనను రద్దయ్యెను. కాని కాగితముమీద తొలగిన ముద్ర పొరుగువారి మనస్సులలో తొలగలేదు. ఎచ్చట దొంగతనము జరిగినను అనుమాన మా పల్లెమీదికే పోవుచుండెను.

ఇంతలో ఉత్తరదేశమున వేఱొక మార్గము కానవచ్చెను. చంబల్ లోయలో 1960 మేలో వినోబా భావే యెదుటను, 1972 ఏప్రిలులో జయప్రకాశ్ నారాయణ్ యెదుటను బందిపోట్లు ఆయుధములు విడిచిరి. వినోబా తెలుగుదేశపు పాదయాత్రలో దుబాసిగా నడచిన లవణము, ఆయన సతీమణి హేమలత 1970వ దశకమున స్టువర్టుపురములో నేరస్థుల సంస్కరణమునకు పూనుకొనిరి. హేమలత మహాకవి గుఱ్ఱము జాషువా కుమార్తె. పుట్టుకచే మనిషిని తూచు లోకమునుగూర్చి తండ్రి 'గబ్బిలము'న మొఱపెట్టగా, కుమార్తె అట్లు తూచబడినవారి యిండ్లకే నడచినది.

ఆ దంపతులు నేరమును సమర్థింపలేదు, నేరస్థుని విడువలేదు. దోచుకొనబడిన గృహస్థుని దుఃఖము చిన్నదికాదని మనమును మఱువరాదు. కాని తిరిగి మంచిగా బ్రతుకుటకు త్రోవ చూపని దండన ఆ గృహస్థునికిని రక్షణ కాజాలదు. నమ్మకముతోపాటు పని, బిడ్డలకు చదువు దొరకిననే దయ నిలుచును.

ఉపాధ్యాయులమైన మన కిందు వేఱుగ నొక సంగతి కలదు. ఠాణాలోని హాజరుపట్టీ మనిషిని అనుమానించుటకై పుట్టినది. బడిలోని హాజరుపట్టీ రాని బిడ్డను వెదకుటకై యున్నది. పావగడ సీమలోని కొరచ, ఎఱుకల వృద్ధుల నోట నున్న వృత్తాంతములను వారి మాటలలోనే వ్రాసియుంచుట మన సంఘమునకు తగిన పని. ఇతరులు వ్రాసిన నేరపట్టీలే ఇంతవఱకు వారి చరిత్రగా చెల్లినవి.