ఖమ్మంలో మున్నేరు పొంగితే నందిగామకు కబురెలా? రేడియో కేంద్రాలు వార్తలు పంచుకుంటే మనకు కలిసొచ్చేదేంటంటే..

ఖమ్మంలో మున్నేరు పొంగుతోందని తెలిస్తే చాలు, పెనుగంచిప్రోలు నుంచి నందిగామ దాకా నది ఒడ్డు ఊళ్లలో గుబులు మొదలవుతుంది. పైనుంచి వదిలిన నీళ్లు గంటల్లో కిందికి దిగుతాయి. కీసర దగ్గర వైరా, కట్టలేరు నీళ్లు కూడా తోడవుతాయి. ఆ తర్వాత అంతా కృష్ణలోకే.

నీళ్లు చెక్‌పోస్టు దగ్గర ఆగవు కదా. కానీ రేడియో వార్త మాత్రం రెండు దారుల్లో వెళ్తోంది. ఖమ్మం కబురు ఆకాశవాణి హైదరాబాద్ ప్రాంతీయ వార్తల్లోకి, నందిగామ కబురు విజయవాడ ప్రాంతీయ వార్తల్లోకి. నది ఒకటే, భాష ఒకటే, సంస్థ కూడా ఒకటే. బులెటిన్లు మాత్రం రెండు!

ఇదేదో చిన్న విషయం అనుకుంటే పొరపాటే. 2023 జులై 27న నందిగామ మండలం ఐతవరం దగ్గర మున్నేరు నీళ్లు 65వ నంబర్ జాతీయ రహదారి మీదకొచ్చేశాయి. హైదరాబాద్-విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. ఏడాది తిరిగేసరికి ఇంకా పెద్ద దెబ్బ. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు 36 అడుగుల దాకా లేచింది. అక్కడ 16 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక, 24 అడుగులకు రెండోది ఇస్తారు. అదే రోజు తెలంగాణ వైపు నుంచే వచ్చే పాలేరు కూడా పొంగి కోదాడ, జగ్గయ్యపేట మధ్య నల్లబండగూడెం దగ్గర హైవేను ముంచేసింది. విజయవాడలో బుడమేరు సంగతి తెలిసిందే. సింగ్‌నగర్‌లో కరెంటు పోయి, ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయి, జనం డాబాల మీద పడిగాపులు కాశారు. అలాంటప్పుడు ఏ వీడియో ఓపెన్ అవుతుంది? బ్యాటరీ రేడియో ఒక్కటే మోగుతుంది.

రేడియోలో లోకల్ న్యూస్ చెప్పేదెవరు?

మన దేశంలో ప్రైవేట్ ఎఫ్ఎం స్టేషన్లు సొంతంగా వార్తలు చదవకూడదు. 2011లో వచ్చిన ఎఫ్ఎం మూడో దశ విధానం ప్రకారం ఆకాశవాణి బులెటిన్‌ను మార్పుల్లేకుండా రిలే చేసుకోవచ్చు, అంతే. గంటకు 10 నిమిషాలకు మించకుండా వార్తలకు అనుమతి ఇవ్వొచ్చని 2023 సెప్టెంబర్‌లో ట్రాయ్ సిఫార్సు చేసింది. అది సిఫార్సు మాత్రమే, అనుమతి కాదు. కమ్యూనిటీ రేడియోలకూ సొంత వార్తల అనుమతి లేదు. పస్తాపూర్‌లో పల్లె మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియో లాంటివి పంటలు, విత్తనాలు, ఊరి ముచ్చట్లు చెప్తాయి. న్యూస్ బులెటిన్ అనేది వాటి చేతిలో లేదు.

అంటే రేడియోలో లోకల్ న్యూస్ బాధ్యత మొత్తం ఆకాశవాణిదే. ఆ కేంద్రాలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి పనిచేస్తే జగ్గయ్యపేటకు అంత వార్త అందుతుంది.

లోపల వార్త ఎలా తిరుగుతుంది?

విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. హైదరాబాద్‌ది అంతకంటే పాత కథ. నిజాం కాలపు డెక్కన్ రేడియోను 1950 ఏప్రిల్‌లో ఆలిండియా రేడియో తీసుకుంది. రెండు చోట్లా ప్రాంతీయ వార్తా విభాగాలున్నాయి. జిల్లాల్లో పార్ట్‌టైమ్ కరస్పాండెంట్లు వార్త పంపిస్తారు, విభాగంలో బులెటిన్ తయారవుతుంది, చిన్న కేంద్రాలు దాన్ని అందుకుని వినిపిస్తాయి. పంచుకోవడం ఉంది, కాకపోతే ఎక్కువగా పైనుంచి కిందికే.

కొన్ని నిమిషాల బులెటిన్‌లో రాష్ట్రం మొత్తం పట్టాలి. సీఎం రివ్యూ, కేబినెట్ నిర్ణయాలు, వాతావరణం అయ్యాక నందిగామకు మిగిలేది ఒక లైను. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. జగ్గయ్యపేట, నందిగామ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా హెడ్‌క్వార్టర్స్ మచిలీపట్నం నుంచి విజయవాడకు మారింది, దూరం తగ్గింది. కానీ విజయవాడ నగరం వార్తల కింద మెట్ట ప్రాంతం వార్త నలిగిపోయే ప్రమాదం కూడా అక్కడే ఉంది.

వార్త పంచుకునే పైపులైను అయితే ఇప్పటికే ఉంది. 2024 మార్చి 13న ప్రసార భారతి 'పీబీ-శబ్ద్' అనే సర్వీస్ ప్రారంభించింది. ఆకాశవాణి, దూరదర్శన్ విలేకరులు పంపే ఆడియో, వీడియో, ఫొటో, టెక్స్ట్ అందులో దొరుకుతాయి. అయితే అది పత్రికలు, ఛానళ్లు తీసుకునే వార్తల గోడౌన్ లాంటిది. ఖమ్మం, జగ్గయ్యపేట మధ్య ఏం జరుగుతోందో కూర్చుని కలిపి చూసే డెస్క్ వేరే సంగతి.

అమెరికాలో ఏం చేశారు?

అక్కడి పబ్లిక్ రేడియో స్టేషన్లు ఎన్‌పీఆర్‌తో కలిసి ప్రాంతీయ న్యూస్‌రూమ్‌లు పెట్టుకున్నాయి. టెక్సస్‌లో డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో స్టేషన్లు ఒక జట్టు. రాష్ట్ర స్థాయి వార్త ఒకరు రాస్తే అందరూ వాడుకుంటారు. నలుగురు రిపోర్టర్లు ఒకే ప్రెస్‌మీట్‌కు పరిగెత్తే పని తప్పుతుంది. మిగిలిన టైమ్ సొంత ఊరి వార్తకు దొరుకుతుంది.

మనకు ఇంకా దగ్గరగా ఉండేది గల్ఫ్ స్టేట్స్ న్యూస్‌రూమ్. అలబామా, మిసిసిపి, లూసియానా.. మూడు వేర్వేరు రాష్ట్రాలు. హరికేన్ వస్తే మూడింటికీ దెబ్బే, అందుకే కవరేజీ కూడా కలిసే. అయితే అక్కడా అంతా సాఫీగా లేదు. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్‌కు ఇవ్వాల్సిన దాదాపు 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది. ముందుగా ఇబ్బంది పడేది చిన్న ఊళ్ల స్టేషన్లే.

మన దగ్గర అయితే..

విజయవాడ, హైదరాబాద్ వార్తా విభాగాలు, ఖమ్మం వైపు వినిపించే కొత్తగూడెం ఎఫ్ఎం.. ఈ మూడూ కలిసి వానాకాలం నెలలకు ఒక ఉమ్మడి డెస్క్ పెట్టుకుంటే చాలు. ఖమ్మంలో నీటిమట్టం ఎంత, కీసర దగ్గర ఎలా ఉంది, హైవే తెరిచి ఉందా లేదా. ఈ మూడు లైన్లు రెండు వైపులా ఒకేసారి చదివితే మున్నేరు లంకల్లో పశువులు తోలుకెళ్లిన వాళ్లు ముందే గట్టెక్కొచ్చు. మిర్చి లోడు లారీ కోదాడలోనే ఆగిపోవచ్చు. కొత్త టవర్లు, పెద్ద బడ్జెట్ అవసరం లేని పని ఇది. ప్రసార భారతి ఒకే సంస్థ కాబట్టి టెక్సస్ స్టేషన్లలా ముందు ఒప్పందాలు రాసుకోవాల్సిన అవసరం కూడా లేదు.

ఎక్కడ వినాలి?

విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్, రెయిన్‌బో కృష్ణవేణి ఎఫ్ఎం 102.2. న్యూస్ఆన్‌ఎయిర్ యాప్‌లో కూడా వస్తుంది, కానీ దానికి నెట్ కావాలి. ఫోన్‌లోనే ఎఫ్ఎం రిసీవర్ ఉంటే నెట్ లేకున్నా పని జరుగుతుంది. ఆ సౌకర్యాన్ని తీసేయొద్దని 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐటీ శాఖ ఫోన్ కంపెనీలకు సూచించింది. మీ ఫోన్‌లో ఉందో లేదో వర్షాలు మొదలవక ముందే ఒకసారి చెక్ చేసుకోండి. చాలా ఫోన్లలో ఇయర్‌ఫోన్ వైర్ పెడితేనే అది పనిచేస్తుంది, ఆ వైరే యాంటెన్నా మరి.