గరవిక్కియో టారో ఉద్యానము: ప్రతీకయు పదార్థమును

ఇటలీదేశమున, టస్కనీ మండలపు దక్షిణాంచలమందలి కపాల్బియో గ్రామమునకు సమీపమున, గరవిక్కియో కొండవాలుపై, ఫ్రెంచి-అమెరికను శిల్పకారిణి నికి ద సాన్ ఫాల్ (1930–2002) రమారమి రెండు దశాబ్దములు శ్రమించి నిర్మించి, 1998 మే 15వ తేదీన ప్రజలకు తెఱచిన టారో ఉద్యానము, ఆధునిక శిల్పమున ప్రతీకవిచారమునకు మిక్కిలి అనువైన క్షేత్రము. టారో పేకలోని 22 ప్రధానపత్రములే యిచ్చటి శిల్పములకు మూలమగుటచేత, ఒక్కొక్క విగ్రహమును ఒక్కొక్క పత్రముతో జతపఱచి అర్థము చెప్పినచో వ్యాఖ్యాత పని ముగిసినట్లు తోచును. ఆ పద్ధతి చాలదని నా యభిప్రాయము. ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్న, పత్రము వాచ్యార్థమును మాత్రమే యొసగుచున్నది. వ్యంగ్యార్థము అద్దపుముక్కలనుండియు, పింగాణీపలకలనుండియు, మనుష్యుడు లోన ప్రవేశింపదగిన కుహరములనుండియు జనించుచున్నది.

ఆ పత్రములైనను సనాతనమైన గూఢార్థములు కలవి కావు. 15వ శతాబ్దమున ఉత్తర ఇటలీలోని ప్రభువుల కొలువులందు వినోదక్రీడగా పుట్టిన యా పేకకు మార్మికార్థములు ఆపాదింపబడినది 18వ శతాబ్దాంతమున మాత్రమే. కావున శిల్పకారిణికి స్వేచ్ఛ సహజముగనే లభించినది. 1955లో బార్సెలోనా నగరమున వాస్తుశిల్పి గౌడీ నిర్మించిన గ్వెల్ ఉద్యానమును, అందలి పగిలిన పింగాణీ పెంకుల పొదుగుపనిని దర్శించిన నాడే యిట్టి వనమును తానును నిర్మింపవలెనను సంకల్పము ఆమెకు కలిగెను. దానికి భూమిని కరాచ్చోలో సోదరులు సమకూర్చగా, వ్యయములో కొంతభాగమును ఆమె తన పేర వెలువరించిన అత్తరు విక్రయముతో ఆర్జించుకొనెను.

నిర్మాణక్రమము ప్రతీకార్థమునకు బాహ్యమైనది కాదు. ఆమె భర్త జాన్ టాంగ్లీయు, అతని సహాయకులును ఉక్కుకడ్డీలను అతికి అస్థిపంజరములను నిలిపిరి. వానిపై తీగవల కప్పి సిమెంటు చిమ్మిరి. అటుపిమ్మట మట్టిపలకలను విగ్రహదేహముపైననే మలచి, అంకెలు వేసి, ఊడదీసి, ఆవమున కాల్చి, మెఱుగుపెట్టి, మరల యథాస్థానమున అతికించిరి. కాలినపుడు మట్టి ఇంచుమించు పదవవంతు కుదించుకొనుటచేత పలకల నడుమ ఏర్పడిన యెడములను, చేతితో కోసిన గాజుముక్కలతో పూరించిరి.  ఇట్లు మలచిన ప్రతి పలకయు తాను పుట్టిన చోటికే తిరిగివచ్చినది.

స్ఫింక్సు ఆకారమున కూర్చున్న సామ్రాజ్ఞీవిగ్రహము నా వాదమునకు ముఖ్యాధారము. పత్రమునందు సామ్రాజ్ఞి మాతృత్వమునకును సమృద్ధికిని చిహ్నము. ఇచ్చటనో ఆ మాతృత్వము చిహ్నముగ నిలిచిపోక నివాసముగ పరిణమించినది. నికి పెక్కేండ్లు ఆ విగ్రహగర్భముననే కాపురముండెను. ఒక స్తనమున పడకగది, మఱియొక స్తనమున వంటగది. కీళ్ళవాతము పీడించుచున్నను పనివారిని అచ్చటనే సమావేశపఱచుచు ఉద్యాననిర్మాణమును నడపినది. లోపలి గోడలన్నియు అద్దపుముక్కలతో పొదుగబడినవి. అందు ప్రవేశించినవానికి తన ముఖము ఎచ్చటను అఖండముగ కనబడదు, కన్నొకచోట, భుజమొకచోట, వాతాయనమునుండి దిగిన యాకాశఖండ మొకచోట. చిత్రపత్రమున ప్రేక్షకుడు బయట నిలిచి చూచును. ఈ కుడ్యములందు అతడే శకలములుగ ప్రతీకలో చేరును. ఇట్టి అర్థమును ఏ టారో గ్రంథమును బోధింపజాలదు.

న్యాయదేవత మఱింత గంభీరమైన యుదాహరణము. ఆమె యుదరకుహరమున, తాళము వేసిన యినుపకటకటాల వెనుక, టాంగ్లీ నిర్మించిన అన్యాయమను లోహయంత్రము బందీగ నున్నది. సంప్రదాయపత్రమున ఖడ్గమును తులయు కలవు కాని అన్యాయమునకు చోటులేదు. న్యాయము అన్యాయమును నిర్మూలించునని కాక, దానిని తన దేహముననే బంధించి మోయుచుండవలెనని చెప్పుట నికి చేసిన స్వతంత్రకల్పన. ఉద్యానమందలి భావములలో నేను అత్యున్నతమని భావించునది యిదియే. అద్దములు తాపిన బురుజు విఱిగిన శిఖరమునను, ప్రధాన పూజారిణి నోటినుండి జాలువాఱు నీటి కొలనులో భాగ్యచక్రముగను టాంగ్లీ యంత్రములే వెలసి, మెఱుగు పలకలకు ప్రతిపక్షముగ నిలిచినవి.

స్విస్ వాస్తుశిల్పి మారియో బొట్టా కట్టిన ప్రవేశకుడ్యపు వృత్తాకారద్వారమును దాటిన పిమ్మట, సందర్శకునికి మార్గదర్శకు లెవ్వరును ఉండరు. వ్యాఖ్యానముతో నడిపింపబడు యాత్రలు వలదని నికి కోరినది. అయినను దారులందలి సిమెంటుపై తన చేతివ్రాతతోనే వాక్యములను, చిహ్నములను చెక్కి యుంచినది. వానిని చదువవలెనన్న సందర్శకుడు తల వంచి, అడుగు నిలిపి, ఆ విగ్రహముల నుండి కొంతసేపు దృష్టి మరల్పవలెను.