ఫార్మాట్ కొట్టించే ముందు ఓ అరగంట ఆగండి

కంప్యూటరు నెమ్మదించిందంటే మన గుంటూరు, ప్రకాశం వైపు ఇళ్ళలో రెండే రెండు తీర్పులు. ఒకటి, "వైరస్ పట్టింది". రెండు, "ఫార్మాట్ కొట్టించు". డబ్బాని బండి మీద పెట్టుకుని బజారుకి తీసుకెళ్తారు, సాయంత్రానికి కొత్త పెళ్ళికూతుర్లా తిరిగొస్తుంది. పదిహేనేళ్ళ ఫోటోలు మాత్రం రావు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పాపానికి పండక్కి ఊరెళ్ళిన ప్రతిసారీ నాకు ఇలాంటి కేసు కనీసం ఒకటి తగుల్తుంది. మీకూ తగిలే ఉంటుంది. ఈ ఫార్మాట్ వైద్యం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఒకప్పుడు ఎందుకు పనిచేసింది, ఇప్పుడెందుకు ప్రమాదం, ఇదే ఈ టపా. కాస్త చరిత్ర, కాస్త లెక్కలు. ఓపిగ్గా చదవండి.

మొదట, హార్డ్‌డిస్కు అసలెందుకు స్లో? మిర్చి తెలిసినవాళ్ళకి ఇది చెప్పడం తేలిక. కోల్డ్ స్టోరేజీలో వేల టిక్కీలు అంతస్తుల వారీగా పేర్చి ఉంటాయి. ఏ రైతు సరుకు ఎక్కడుందో గుమాస్తా పుస్తకంలో ఉంటుంది. ఒకే రైతు టిక్కీలు ఒకేచోట ఉంటే హమాలీలు చకచకా దింపేస్తారు. అవే నాలుగు అంతస్తుల్లో తలా నాలుగూ ఉంటే మోసే టైము కంటే వెతుక్కుంటూ తిరిగే టైమే ఎక్కువ. డిస్కులో పళ్ళెం గోడౌను, రీడ్ హెడ్ హమాలీ, ఫైల్ టేబుల్ గుమాస్తా పుస్తకం. అంతే.

ఈ పోలిక మరీ ఊహ కాదండోయ్. 1956లో ఐబీఎం మొదటి హార్డ్‌డిస్కుని తెచ్చింది. రామాక్ అనే యంత్రంతో వచ్చిన ఆ 350 డిస్క్ యూనిట్లో 24 అంగుళాల పళ్ళేలు 50, పట్టేది 50 లక్షల అక్షరాలు. ఆ యాభై పళ్ళేలకీ కలిపి హెడ్లు మోసే చెయ్యి ఒక్కటే. లిఫ్టులా పైకీ కిందకీ పోయి, కావలసిన పళ్ళెం దగ్గర ఆగి, లోపలికి చొరబడేది. సగటున ఒక్కో వెతుకులాటకి 600 మిల్లీసెకన్లు. అచ్చంగా ఒక్క హమాలీతో నడిచే గోడౌను!

ఆ తర్వాత కథ చాలామందికి తెలిసిందే. 1973లో ఐబీఎం వించెస్టర్, 1980లో సీగేట్ వాళ్ళ 5 ఎంబీ డిస్కు, 1983లో 10 ఎంబీ డిస్కుతో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ. 1988లో ఫెర్, గ్రున్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా కనిపెట్టిన అయస్కాంత ప్రభావం 1997లో డిస్కు హెడ్లలోకి వచ్చింది. దాంతో కెపాసిటీ ఆకాశానికంటింది. ఆ ఇద్దరికీ 2007లో నోబెల్ ఇచ్చారు. అదే ఏడాది హిటాచీ నుంచి మొదటి 1 టీబీ డిస్కు వచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. 1956 నుంచి 2007కి కెపాసిటీ 2 లక్షల రెట్లు పెరిగింది. మరి వెతుకులాట? 7200 ఆర్పీఎం అంటే సెకనుకి 120 చుట్లు, చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన సెక్టారు కోసం సగటున సగం చుట్టు ఆగాలి, అంటే 4.2. హెడ్ జరగడానికి ఇంకో 9. మొత్తం 13 మిల్లీసెకన్లు అనుకోండి. 600 నుంచి 13కి, అంటే 46 రెట్లు. గోడౌను 2 లక్షల రెట్లు పెద్దదైంది, హమాలీ వేగం 46 రెట్లే పెరిగింది. ఆ 1 టీబీని వరసగా చదివితే, సెకనుకి 100 ఎంబీ చొప్పున, మూడు గంటల్లోపు అయిపోతుంది. అదే 4 కేబీ ముక్కలుగా చిందరవందరగా చదివితే 36 రోజుల పైన పడుతుంది. తప్పు వైరస్‌ది కాదు, పళ్ళెం తిరగడానికి పట్టే టైముది.

సరే, మన ఊళ్ళకొద్దాం. 2000ల మధ్యలో పేట, నరసరావుపేట, ఒంగోలు ఇళ్ళలోకి వచ్చిన సిస్టమ్స్ గుర్తున్నాయా? ఎక్స్‌పీ, 128 లేదా 256 ఎంబీ ర్యామ్, 40 లేదా 80 జీబీ డిస్కు. దానిమీద ఒక యాంటీవైరస్. ర్యామ్ చాలక విండోస్ నిమిషానికోసారి డిస్కు మీద పేజ్‌ఫైల్లోకి పరిగెత్తేది. చూసేవాళ్ళకి డిస్కు స్లో అనిపించేది, అసలు జబ్బు ర్యామ్‌ది. ఫార్మాట్ కొట్టగానే పేరుకున్న ప్రోగ్రాములన్నీ పోయేవి, ఫైళ్ళు మళ్ళీ వరసగా పడేవి, నెలా రెణ్ణెల్లు సుఖం. అందుకే ఆ వైద్యానికి అంత పేరొచ్చింది. తప్పు వైద్యమే, కానీ గుణం కనిపించేది :-)

ఆ రోజుల్లో ఇంకో విచిత్రమైన జబ్బు ఉండేది. పాట వింటూ ఫైలు కాపీ చేస్తే పాట నత్తినత్తిగా వచ్చేది, మౌసు అతుక్కుపోయేది. దీనికి కారణం ఎక్స్‌పీలోనే ఉంది. డిస్కుతో మాట్లాడేటప్పుడు టైమౌట్లో, సీఆర్సీ ఎర్రర్లో ఆరు పోగైతే, విండోస్ డీఎంఏ వేగాన్ని ఒక మెట్టు దించేది. అలా దించుకుంటూ చివరికి పీఐఓ మోడ్‌లో పడేసేది. డీఎంఏలో డేటా నేరుగా మెమరీకి వెళ్తుంది. పీఐఓలో ప్రతి ముక్కనీ ప్రాసెసరే మోయాలి. గుమాస్తా చేత టిక్కీలు మోయించడమన్నమాట. లెక్కలు ఎవరు రాస్తారిక?

ఎర్రర్లు ఎందుకొచ్చేవంటే, చాలాసార్లు కేబుల్ వల్ల. ఏటీఏ-66 నుంచి పైవేగాలకి 80 తీగల కేబుల్ కావాలి. పాత 40 తీగల కేబుల్ కూడా అదే కనెక్టర్లో చక్కగా దూరుతుంది. వదులైన కేబులూ, ఊగే కరెంటూ దానికి తోడు. మన పల్లెల్లో త్రీఫేజ్ వచ్చిందంటే పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి, ఇళ్ళల్లో బల్బులు మినుకుమంటాయి. యూపీఎస్ లేని సిస్టమ్‌కి అదో గండం. రాసే మధ్యలో కరెంటు పోతే విండోస్ 98లో నీలం తెర మీద స్కాన్‌డిస్క్, ఎక్స్‌పీలో చెక్‌డిస్క్. డివైస్ మేనేజర్లో ఆ ఐడీఈ చానల్ని తీసేసి రీబూట్ చేస్తే డీఎంఏ తిరిగొచ్చేది. రెండు నిమిషాల పని. దానికోసం ఎన్ని ఇళ్ళల్లో డిస్కులు ఫార్మాట్ అయ్యాయో!

దుమ్ము సంగతి కూడా చెప్పాలి. మాది పత్తి మిల్లుల ప్రాంతం. క్యాబినెట్ తెరిస్తే ఫ్యాను మీద దూది పరుపే. ఆ దుమ్ము డిస్కు లోపలికి పోదు, గాలి కోసం వదిలిన సన్నని రంధ్రానికి ఫిల్టర్ ఉంటుంది. కానీ ఫ్యాను ఆగితే వేడి. మామూలు డిస్కులకి 60 డిగ్రీలు హద్దుగా రాస్తారు. రెంటచింతల ఎండ గురించి విన్నవాళ్ళకి మే నెలలో మూసిన గదిలో మూసిన డబ్బా ఎంత వేడెక్కుతుందో చెప్పక్కర్లేదు.

పై జబ్బుల్లో చాలా వరకు ఇప్పుడు లేవు. పీఐఓ కథ సాటా కేబుళ్ళతో ముగిసింది. విస్టా నుంచి డీఫ్రాగ్ దానంతటదే నడుస్తోంది. వాటి బదులు కొత్తవి వచ్చాయి. 2013 నుంచి సీగేట్ ఎస్ఎంఆర్ డిస్కులు అమ్మడం మొదలెట్టింది. ట్రాకుల్ని పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పేరుస్తారు. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదకొచ్చిన వరసంతా ఎత్తి మళ్ళీ పేర్చాలి. చదవడం బాగానే ఉంటుంది, చిందరవందరగా రాయడం మొదలెడితే మూలుగుతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డిస్కుల్లో కొన్ని ఇలాంటివేనని ఒప్పుకోవలసి వచ్చింది. విండోస్ 10 వచ్చాక టాస్క్ మేనేజర్లో "డిస్క్ 100 శాతం" అన్నది ఇంటింటి బాధ అయింది. అప్‌డేట్లు, ఇండెక్సింగ్, యాంటీవైరస్ కలిసి ఒక్క హమాలీని నాలుగు వైపులకీ లాగితే అంతే మరి.

కానీ అన్నిటికంటే ముఖ్యమైన కారణం ఇంకోటుంది. చచ్చిపోతున్న డిస్కు కూడా స్లోగానే ఉంటుంది. చెడిపోతున్న సెక్టారు దగ్గర డిస్కు ఒక్కసారి చదివి వదిలెయ్యదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. మిల్లీసెకన్ల పని సెకన్లకి సాగుతుంది. తెర బిగుసుకుపోతుంది, మళ్ళీ కదుల్తుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పోయిన సంక్రాంతికి పర్చూరు దగ్గర మా పెదనాన్న గారింట్లో ఇదే జరిగింది. పదేళ్ళనాటి డెస్క్‌టాప్, 1 టీబీ డిస్కు, ఆన్ అవడానికి ఏడు నిమిషాలు. "దుమ్ము దులిపితే సరిపోద్దేమో చూడరా అబ్బాయ్, లేకపోతే ఫార్మాట్ కొట్టించుకొస్తా" అన్నారు. స్మార్ట్ లెక్కలు తీసి చూస్తే పెండింగ్ సెక్టార్లు వందల్లో ఉన్నాయి. అందులో మా అక్క పెళ్ళి ఫోటోలు, నాయనమ్మ ఉన్న ఒకే ఒక్క వీడియో, పదేళ్ళ యార్డు పట్టీల లెక్కలు. ఇంకెక్కడా కాపీ లేదు. చెక్‌డిస్క్ జోలికి పోకుండా ముందు ఫోటోల ఫోల్డరు, తర్వాత లెక్కలు, రాత్రంతా కాపీ పెట్టాం. మూడు వీడియోలు మధ్యలో ఆగిపోయాయి. నాయనమ్మ వీడియో వచ్చింది. పెదనాన్న దాన్ని చూసి ఏమీ అనలేదు, ఇంకోసారి పెట్టమన్నారు.

ఇక్కడే ఫార్మాట్ చరిత్ర ముఖ్యం. ఎక్స్‌పీ కాలంలో క్విక్ ఫార్మాట్ అంటే గుమాస్తాకి కొత్త పుస్తకం ఇవ్వడం. టిక్కీలు గోడౌన్లోనే ఉండేవి. ఫుల్ ఫార్మాట్ కూడా సెక్టార్లు బాగున్నాయో లేదో చూసేది, అంతే. పైన కొత్తగా ఏమీ రాయకపోతే రికవరీకి దారి మిగిలేది. విస్టా నుంచి పద్ధతి మారింది. ఫుల్ ఫార్మాట్ అంటే డిస్కంతా సున్నాలు రాయడం. గోడౌను మొత్తం ఖాళీ. పేరు మారలేదు, పని మారింది. పాత నమ్మకంతో "పోతే రికవరీ చేయించుకోవచ్చులే" అనుకునేవాళ్ళు మునిగేది ఇక్కడే.

"స్మార్ట్ బాగానే ఉంది కదా, ఇక భయం లేదు" అనుకోవడమూ కుదరదు. 2007లో గూగుల్ వాళ్ళు లక్షకు పైగా డిస్కుల్ని గమనించి ఒక పేపర్ రాశారు. మొదటి స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్కు, అది లేని డిస్కు కంటే 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువట. అదే పేపర్లో ఇంకో సంగతి: పోయిన డిస్కుల్లో 56 శాతం పైన, నాలుగు ముఖ్యమైన స్మార్ట్ సంకేతాల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి. గంట మోగితే నమ్మండి. మోగలేదని నిద్రపోకండి.

అందుకని నా వరస ఇది. ముందు ముఖ్యమైనవి వేరే డిస్కులోకి కాపీ. తర్వాత స్మార్ట్ లెక్కలు. అవి బాగుంటే కేబులూ, ర్యామూ, దుమ్మూ, వేడీ, స్టార్టప్ ప్రోగ్రాములూ. డిస్కు మంచిదే అయినా స్లో అంటే విండోస్‌ని ఎస్ఎస్‌డీ మీదకి మార్చండి. 13 మిల్లీసెకన్ల వెతుకులాట 0.1 దగ్గరికి వస్తుంది, పదేళ్ళ సిస్టమ్ కూడా లేచి కూర్చుంటుంది. ఫార్మాట్ ఈ వరసలో ఆఖరిది.

మనం ఆఫీసులో సర్వర్లకి మూడు కాపీలు పెట్టి, రాత్రి రెండింటికి అలారం మోగితే లేచి చూస్తాం. అమ్మానాన్నల ఫోటోలు మాత్రం బల్ల కింద యూపీఎస్ లేని డబ్బాలో ఒకే ఒక్క పళ్ళెం మీద తిరుగుతుంటాయి. ఈసారి ఊరెళ్ళేటప్పుడు స్వీట్ల డబ్బాతో పాటు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కూడా బ్యాగులో పడేసుకోండి. కాపీ అయ్యేలోపు భోజనం అయిపోతుంది.