తల ఎత్తిందంటే ఆగండి

సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట రోడ్డెక్కారు. జనవరి నెల, ఇంకా పూర్తిగా తెల్లారలేదు. కారు అద్దం దించండి. ఉప్పుగాలి, దానితోపాటే కుళ్లిన నాచు కంపు గుప్పున ముక్కుకు తగులుతుంది. రోడ్డుకు అటూ నీళ్లే, ఇటూ నీళ్లే. ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత పెద్దది ఇదే, పులికాట్. రాకెట్లు ఎగిరే దీవికి దారి దీని మీదుగానే. ఉద్యోగుల బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ మిమ్మల్ని దాటిపోయింది.

ఎక్కడ ఆపాలి? చలికాలంలో సూర్యుడు కాస్త దక్షిణానికి జరిగి, అంటే మీ కుడిచేతి వైపు నుంచి పైకొస్తాడు. కాబట్టి ఎడమవైపు నీళ్లలో ఉన్న పక్షుల మీద వెలుగు చక్కగా పడుతుంది. కుడివైపు వాటిని తీస్తే నల్లటి నీడలే మిగులుతాయి. ఎడమ అంచుకు ఆపండి. ఇంజిన్ కట్టేయండి, లేకపోతే ఆ అదురు లెన్స్‌కు పాకుతుంది. తలుపు మాత్రం తీయకండి. రోజూ ఇన్ని బస్సులు, లారీలు చూసే పక్షులకు బండి అంటే భయం లేదు. రెండు కాళ్ల మీద నడిచొచ్చే మనిషంటేనే భయం.

బియ్యం పోసి మూతి కుట్టిన గుడ్డసంచిని కిటికీ అంచున పెట్టి, దాని మీద లెన్స్ ఆనించండి. 150-600 జూమ్. రెండు కిలోల బరువు. కొన్నప్పుడు ఇంట్లో అసలు ధర చెప్పారో లేదో మీకే తెలియాలి.

వ్యూఫైండర్‌లో కన్ను పెట్టండి.

ముందు గులాబీరంగు గీత ఒకటి మసకమసకగా కనిపిస్తుంది. వేలు సగం నొక్కగానే ఆ గీత కాళ్లుగా, మెడలుగా, ముక్కులుగా విడిపోతుంది. ఫ్లెమింగోలు. తల తలకిందులుగా నీళ్లలో ముంచి, నాలుకతో నీళ్లు లోపలికి లాగి, ముక్కు అంచుల్లోంచి బయటికి వదులుతున్నాయి. ఆ అంచుల్లో ఉన్న జల్లెడలో చిన్న చిన్న రొయ్యపురుగులు, నాచు చిక్కుకుంటాయి. ఒంటికి ఆ గులాబీ రంగు వచ్చేది కూడా ఆ తిండి నుంచే. గుంపులో కొన్ని బూడిదరంగువి ఉన్నాయి చూశారా? అవి పిల్లలు, ఇంకా రంగెక్కలేదు. మన దేశంలో ఈ జాతి గూళ్లు కట్టేది ముఖ్యంగా గుజరాత్‌లో, కచ్ రణ్‌లో. ఇక్కడికి వచ్చేది మేతకు.

షట్టర్ సెకనులో రెండు వేలో వంతుకు పెట్టండి. ఏ క్షణాన రెక్క విప్పుతుందో తెలియదు. నల్లటి నీళ్లను చూసి కెమెరా మోసపోతుంది, తెల్లటి ఒళ్లు సున్నం కొట్టినట్టు తేలిపోతుంది. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి. నొక్కండి. ఇప్పుడు తెర చూసుకోండి.

పక్షి బొటనవేలంత ఉంది.

ఆరు వందల మిల్లీమీటర్ల లెన్స్ పెట్టినా బొటనవేలంతే. ఈ సరదా మొదలుపెట్టిన ప్రతివాళ్లకూ తగిలే తొలిదెబ్బ ఇది. మీకూ పక్షులకూ మధ్య బీటలు వారిన బురదనేల పరుచుకుని ఉంది, ఎండి గట్టిపడ్డట్టే కనిపిస్తోంది. ఓ యాభై అడుగులు ముందుకు పోతే చాలు. మెల్లిగా తలుపు తీస్తారు.

భుజాన వల వేసుకుని సైకిల్ మీద పోతున్న మనిషి కాలు ఆనించి ఆగుతాడు. మీ బూట్ల వంక చూస్తాడు.

"సార్, ఆడికి పోబాకండి. పైన ఎండినట్టు అగపడతాది. లోపలంతా అడుసే."

"కొంచెం దూరమే అన్నా."

"కొంచెం దూరమే దిగబడేది కూడా," అని నవ్వి పెడలు తొక్కుకుంటూ పోతాడు.

పోవాలా? ఆగాలా? వెలుగు బంగారంలా ఉంది, ఎక్కువసేపు ఉండదు. దిగుతారు.

పది అడుగులు. నేల పెంకులా పటపటమంటోంది. ఇరవై. కాలికింద మెత్తబడింది. వంగి నడవండి. లెన్స్ గుండెకు ఆనించి పట్టుకోండి. ఇంకో నాలుగు అడుగులు.

అంచున ఉన్న పక్షి తల ఎత్తింది.

మేయడం ఆపింది. మెడ నిట్టనిలువుగా ఉంది. పక్కది ఎత్తింది. దాని పక్కది. మెడలన్నీ ఒకే వైపు తిరిగాయి. మీ వైపే.

ఇక్కడే తేల్చుకోవాలి. ఇంకో అడుగు వేస్తే అవి నడక మొదలుపెడతాయి. రెండు వేస్తే పరుగు. ఆ పరుగులోనే రెక్కలు విప్పి లేస్తాయి.

వేశారు.

పెంకు విరిగింది. కుడికాలు దిగబడింది. మోకాలి దాకా. చల్లగా. ఒళ్లు ముందుకు తూలింది. లెన్స్ పైకెత్తండి! పైకి!

కాలు లాగకండి. లాగితే అడుసు ఇంకా బిగుస్తుంది. రెండో కాలి మీద బరువు వేయకండి, అదీ పోతుంది. వెనక్కి కూర్చోండి. అవును, బురదలోనే. ప్యాంటు పోతే పోయింది. ఇప్పుడు పాదాన్ని అటూ ఇటూ ఆడించండి. నీళ్లు లోపలికి దిగుతాయి. పట్టు సడలుతుంది. మెల్లిగా. ఇంకా మెల్లిగా.

వచ్చింది. బూటు లోపలే ఉండిపోయింది, చెయ్యి పెట్టి తీసుకోండి.

గుండె దడదడలాడుతోంది. లేవాలని ఉంది. లేవకండి. అటు చూడండి, గుంపు ఎగరలేదు. నిలబడిన మనిషి మాయమై, నేల మీద చిన్న మట్టిదిబ్బ మిగిలింది వాటి లెక్కలో. ఒక తల దించింది. ఇంకొకటి. బాతు గొంతుతో తమలో తాము గొణుక్కుంటూ మళ్లీ మేతలో పడ్డాయి.

కదలకుండా కూర్చోండి. నడుం నొప్పెడుతుంది, దోమ కుడుతుంది, ఫోన్ జేబులో వణుకుతుంది. దేనికీ చెయ్యి ఎత్తకండి. మేసేవి ఒకచోట నిలవవు, అంచు వెంబడే నడుస్తూ ఇటే వస్తున్నాయి. ఫ్రేములో సగం. ముప్పాతిక. ఇక మెడా తలా మాత్రమే పడుతున్నాయి. లేత పసుపు కన్ను, అందులో చుక్కంత నల్లపాప. ఫోకస్ దాని మీదే పెట్టండి. కన్ను మసకబారితే మిగతా ఒళ్లెంత స్పష్టంగా ఉన్నా ఆ ఫొటో పనికిరాదు. ఒకటి ఒళ్లు విరుచుకుని రెక్క చాపింది. ఇంతసేపూ మడతల్లో దాగిన కుంకుమ ఎరుపు, దాని అంచున కాటుక నలుపు ఒక్కసారిగా బయటపడ్డాయి. నొక్కండి, వేలు తీయకండి.

ఎండెక్కాక బురద మీద గాలి అలలుగా కదులుతుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దాన్ని దాటలేదు, ప్రతి ఫొటో నీళ్లలోంచి తీసినట్టే వస్తుంది. సర్దుకోండి.

మీ కారు వెనక ఇంకో కారు ఆగింది. కుర్రాళ్లు దిగి, ఒకడు ఫోన్ పట్టుకోగా మిగతావాళ్లు ఈలలేసి చప్పట్లు కొడుతున్నారు. గుంపంతా లేచిపోయింది. వాళ్ల వీడియోలో ఏముంటుంది? తోకలు. బెదిరిన పక్షి మనిషికి వీపు చూపించే ఎగురుతుంది, పైగా గాలికి ఎదురుగా లేస్తుంది. ఈ వేళప్పుడు గాలి ఎటునుంచి వీస్తోందో వాళ్లకు పట్టలేదు. పులికాట్ లాంటి అభయారణ్యంలో వన్యప్రాణుల్ని ఇలా ఆటపట్టించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా తెలిసినట్టు లేదు. లేచిన ప్రతిసారీ ఆ పక్షి తిన్నది కొంత ఖర్చయిపోతుంది, ఆ మేత మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి.

ఇక్కడికి దగ్గర్లోనే నేలపట్టు. 1976 నుంచి అభయారణ్యం. అక్కడ గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతుంటాయి. అక్కడ మాత్రం ఒక్క అడుగు కూడా దారి దిగకండి, టవర్ మీదినుంచే తీయండి. తల్లి లేచిపోతే పిల్ల ఎండకు మాడుతుంది, కాకులకు దొరుకుతుంది. గూటి ఫొటోలకు పోటీల్లో బహుమతులు ఇవ్వడం ఎప్పుడు మానేస్తే అప్పుడు ఈ సరదాకు పట్టిన చీడ సగం వదులుతుంది.

ఇంటికెళ్లి ఫొటోలు కంప్యూటర్‌లో వేసినప్పుడు కళ్లనే కాదు, కాళ్లను కూడా పెద్దవి చేసి చూడండి. ఏ కాలికైనా ఉంగరం గానీ, రంగు బిళ్ల గానీ కనిపిస్తే దాని మీది అక్షరాలు, అంకెలు రాసుకుని, తేదీ, చోటు జతచేసి ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. ఆ పక్షి ఎక్కడ బయల్దేరి ఎక్కడికి చేరిందో తెలుసుకోవడానికి మీ ఫొటో వాళ్లకు పనికొస్తుంది.