సముదాయ ప్యాకేజీల స్వయంచాలిత స్థాపన: చారిత్రక పరిణామం

ముస్తాబాద్‌లోని ఒక కళాశాల ప్రయోగశాలలో 20 లినక్స్ కంప్యూటర్లు ఉన్నాయని, వాటి బాధ్యత మీదేనని అనుకోండి. ఒకే సాఫ్ట్‌వేర్‌ను 20 సార్లు చేతితో స్థాపిస్తే ఎక్కడో ఒకచోట పొరపాటు దొర్లుతుంది. దీనికి పరిష్కారం ఎలా వచ్చిందో, అది ఏ కొత్త చిక్కును తెచ్చిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

ఆకృతీకరణ సాధనాలు

1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ సీఎఫ్ఇంజిన్‌ను రూపొందించాడు. తరువాత 2005లో పప్పెట్, 2012లో యాన్సిబుల్ వచ్చాయి. వీటిలో మనం ప్రధానంగా రాసేది కంప్యూటర్ చివరకు ఏ స్థితిలో ఉండాలన్నదే. ఇప్పటికే ఆ స్థితిలో ఉంటే సాధనం ఏమీ మార్చదు. కాబట్టి ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒక్కటే.

సముదాయ ప్యాకేజీలు

2002లో జడ్ విినెట్ ఆర్చ్ లినక్స్‌ను ప్రారంభించాడు. 2005లో దానికి ఏయూఆర్ అనే భాండాగారం తోడైంది. ఇందులో వాడుకరులే ప్యాకేజీని తయారుచేసే సూచనల ఫైలును ఉంచుతారు. దాని పేరు పీకేజీబిల్డ్. అధికారిక ప్యాకేజీలకు ఉండే పరిశీలన వీటికి ఉండదు.

ఇక్కడే చిక్కు వచ్చింది. ప్యాకేజీని స్థాపించడానికి రూట్ అధికారం కావాలి. కానీ తయారుచేసే మేక్‌పీకేజీ రూట్‌గా నడవడానికి ఒప్పుకోదు, ఎందుకంటే అపరిచితుల సూచనలకు పూర్తి అధికారం ఇవ్వడం ప్రమాదం. అందుకే నిర్వాహకులు తయారీకి ప్రత్యేకంగా ఒక సాధారణ వాడుకరిని సృష్టిస్తారు.

ఈ భయం ఊహ కాదు. 2018 జూలైలో, నిర్వాహకుడు లేని ఒక ఏయూఆర్ ప్యాకేజీని ఒకరు స్వీకరించి అందులో హానికర ఆదేశాలు చేర్చారు. విషయం బయటపడగానే వాటిని తొలగించారు.

సిరిసిల్ల మరమగ్గాలను మీరు చూసే ఉంటారు. డిజైన్‌లో తప్పుంటే అది బట్ట పొడవునా వస్తుంది. స్వయంచాలనమూ అంతే. చదవకుండా నమ్మిన ఒక్క ఫైలు 20 కంప్యూటర్లకూ చేరుతుంది. కాబట్టి పీకేజీబిల్డ్‌ను ముందు చదవండి. ఒక కంప్యూటర్‌లో ప్యాకేజీని తయారుచేసి, పరీక్షించి, మీ స్థానిక భాండాగారంలో ఉంచండి. మిగిలిన వాటికి అక్కడి నుంచే పంపండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మేక్‌పీకేజీ రూట్‌గా నడవకపోవడం లోపమా, రక్షణా? కారణాలతో వివరించండి.