రాణిగారి కుక్క

గద్వాల నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. మనవరాలు తెల్ల కుక్కపిల్ల కావాలని అన్నం మానేసి కూర్చుందట. "కథలు రాస్తవు గదా, ఏ కుక్క మంచిదో జెప్పరాదే!" అంది.

కథలకూ కుక్కలకూ ఏం సంబంధమని నవ్వబోయి ఆగిపోయాను. సంబంధం ఉంది. దానికి ముందు కాస్త చరిత్ర.

మనం ముద్దుగా 'పామేరియన్' అంటామే, ఆ పేరు బాల్టిక్ సముద్రతీరాన ఉన్న పామెరేనియా నుంచి వచ్చింది. నేటి జర్మనీ, పోలెండులలో ఉంది ఆ ప్రాంతం. చలిదేశపు జీవి కనుకే ఒంటినిండా రెండు పొరల బొచ్చు. 1888లో విక్టోరియా రాణి ఇటలీలోని ఫ్లారెన్సులో మార్కో అనే చిన్నరకం కుక్కను చూసి ముచ్చటపడి తెచ్చుకుంది. రాణిగారు మెచ్చాక దొరసానులు ఊరుకుంటారా? అందరికీ చిన్నదే కావాలి! అలా తరతరానికీ ఆ జాతిని కుదించి, చివరికి మూడు కిలోల బొమ్మను చేశారు. 1901లో రాణి కన్నుమూసేవేళ ఆమె మంచంమీద ఉన్నదీ ఓ పామేరియనే. పేరు టూరీ.

ఇంగ్లీషువాళ్ల వెంట మన దేశానికొచ్చిన స్పిట్జ్ కుక్కల సంతతే ఇండియన్ స్పిట్జ్. మన ఇళ్లలో పామేరియన్ అని పిలిచేవాటిలో చాలామటుకు ఇవే. 1994లో 'హమ్ ఆప్ కే హై కౌన్' సినిమాలో టఫీ కనిపించాక పిల్లలందరికీ అదే పిచ్చి. వనపర్తిలో రాజావారి బంగళా పాలిటెక్నిక్ అయినట్టే, రాణిగారి ముచ్చటా మా వరండాదాకా వచ్చింది. నేను ఏడ్చి సాధించుకున్న కుక్కకు టఫీ అనే పేరు పెట్టాను.

ఆ మే నెలలో నాగర్‌కర్నూల్‌లో పెళ్లి. పొద్దున్నే టఫీని వరండా స్తంభానికి కట్టేసి, గిన్నెనిండా నీళ్లు పెట్టి వెళ్లాం. అప్పుడక్కడ చల్లని నీడే. మధ్యాహ్నానికి నీడ జరిగింది. తాడు జరగలేదు. మనలా ఒళ్లంతా చెమటపట్టి చల్లబడే వీలు కుక్కకు లేదు. రొప్పడమే దాని ముఖ్య ఉపాయం. సాయంత్రం మేం వచ్చేసరికి ఆ రొప్పు కూడా లేదు.

చిన్నమ్మకు ఇదంతా చెప్పి అన్నాను: "పిల్లను తెచ్చేముందు తల్లిని చూడు, నెమ్మదిగా ఉందో లేదో తెలుస్తుంది. ఎనిమిది వారాలు నిండందే తల్లినుంచి విడదీయొద్దు. టీకాలు తప్పొద్దు. ఎండాకాలమని బొచ్చు గొరిగించకు, ఎండనుంచి కాచేదీ అదే. రోజూ దువ్వితే చాలు. ఉల్లిగడ్డ, ద్రాక్ష, చాక్లెట్ పెట్టొద్దు. తెల్లారకముందో పొద్దుగూకినాకో తిప్పండి. మధ్యాహ్నం ఇంట్లో, ఫ్యాను కింద."

చిన్నమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"మరి మేం ఊరికి పోతే ఎట్లనే?"

"ఆ ప్రశ్నకు జవాబు దొరికినాకనే కుక్కను తెచ్చుకో చిన్నమ్మా. అప్పటిదాకా మనవరాలికి నేను నచ్చజెప్తా."