పద్యంలో పదిలమైన ఇరవై అంకెల సంఖ్య: 18446744073709551615

చదరంగపు బల్లలోని మొదటి గడిలో ఒక గింజను ఉంచి, తరువాతి ప్రతి గడిలోనూ ముందు గడికి రెట్టింపు చొప్పున పెంచుతూ పోతే, 64 గడులు నిండేసరికి గింజల మొత్తం 18446744073709551615 అవుతుంది. ఇరవై అంకెలు గల ఈ సంఖ్యను పావులూరి మల్లన తన గణిత గ్రంథంలో పద్యరూపంలో నిక్షిప్తం చేశాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా ప్రసిద్ధి చెందిన ఈ రచనకు, 9వ శతాబ్దికి చెందిన జైన గణితవేత్త మహావీరాచార్యుని ‘గణితసారసంగ్రహము’ మూలం. మల్లన క్రీ.శ. 11వ శతాబ్దివాడని సాధారణంగా భావిస్తారు.

మాటలలో అంకెలు

మల్లన ఈ సంఖ్యను భూతసంఖ్యా పద్ధతిలో చెప్పాడు. ఈ పద్ధతిలో చంద్రుడు 1కి, వేదాలు 4కు, మన్మథుని బాణాలు 5కు, పర్వతాలు 7కు, ఆకాశం సున్నకు సంకేతాలు. ఒకే అంకెకు అనేక పర్యాయపదాలు ఉండడం వలన ఛందస్సుకు ఒదిగే మాటను ఎంచుకునే వీలు కలుగుతుంది. అంకెలను ఒకట్ల స్థానం నుంచి ఆరంభించి, కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. తాళపత్రాలకు నకలు తీసేటప్పుడు అంకె మారితే గుర్తించడం కష్టం. పద్యంలో మాట మారితే గణాలో యతిప్రాసలో చెడి, లోపం బయటపడే అవకాశం ఎక్కువ.

కారణాంకాలు

ఈ సంఖ్య 2⁶⁴ కంటే ఒకటి తక్కువ. ఒక సంఖ్య వర్గం నుంచి ఒకటి తీసివేస్తే వచ్చే ఫలితం, ఆ సంఖ్యకు ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అయిన రెండు సంఖ్యల లబ్ధానికి సమానం. ఈ సూత్రాన్ని మళ్లీ మళ్లీ అన్వయిస్తే 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు కారణాంకాలు లభిస్తాయి. ఇవన్నీ ఫెర్మా సంఖ్యలు. ఈ తరగతి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దిలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఊహించాడు. అయితే వీటిలో చివరిది 641, 6700417ల లబ్ధమని 1732లో ఆయిలర్ నిరూపించి ఆ ఊహను ఖండించాడు. ఆ విధంగా మల్లన చెప్పిన సంఖ్యకు ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు, మొత్తం 128 భాజకాలు ఉన్నాయి.

నేటి వినియోగం

కంప్యూటర్లలో 64 బిట్‌లతో సూచించగల అతిపెద్ద ధన పూర్ణాంకం ఇదే. ఫ్రెంచి గణితవేత్త లూకా 1883లో వెలువరించిన ‘హనోయి గోపురం’ ప్రహేళికలో 64 బిళ్లలను మార్చడానికి కనీసం ఇన్ని కదలికలు అవసరం. సెకనుకు ఒక కదలిక చొప్పున లెక్కించినా సుమారు 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది.

సరిచూసే విధానం

పద్యం నుంచి రాబట్టిన సంఖ్య సరైనదో కాదో తేల్చడానికి 17తో భాగించి చూడవచ్చు. అసలు సంఖ్య శేషం లేకుండా భాగింపబడుతుంది. ఇరవై అంకెలలో ఏ ఒక్కటి మారినా, పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనా శేషం తప్పక మిగులుతుంది. మాటల తప్పును ఛందస్సు పట్టిస్తే, అంకెల తప్పును ఈ భాగహారం పట్టిస్తుంది.